మ్యాచ్‌లో బంతి వస్తే దాక్కుంటున్న పదేళ్ల కొడుకు: అకాడమీ మార్చాలా?

నిజాంపేట అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకి పదేళ్లు, ఫుట్‌బాల్ అంటే పిచ్చి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తనకన్నా పెద్ద పిల్లలతో ఆడితే ఇద్దరు ముగ్గురిని తప్పించుకుని వెళ్లిపోతాడు. పిల్లర్‌కి కొట్టి వెనక్కి వచ్చిన బంతిని పట్టుకుని మళ్లీ పరిగెడతాడు. అదే పిల్లాడు శనివారం టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి పరిచిన మైదానం) మీద అండర్-11 మ్యాచ్ మొదలైతే వేరే మనిషి. బంతి కాలికి తగలగానే వెనక్కి తోసేస్తాడు. చాలాసార్లు అసలు బంతి రాని చోట, ఎదుటి టీమ్ పిల్లల వెనకాల నిలబడిపోతాడు.

కోచ్ చెడ్డవాడేం కాదు. ప్రాక్టీస్ రోజుల్లో బాగానే నేర్పిస్తాడు. మ్యాచ్ రోజు మాత్రం లైన్ పక్కన నిలబడి ఒక్క నిమిషం ఊరుకోడు. "పాస్ ఇవ్వు, వెనక చూడు, ఎందుకు ఆగావు, కొట్టు" అంటూనే ఉంటాడు. దానికి తోడు నెట్ బయట నుంచి మావారి కామెంటరీ. పోయిన టోర్నమెంట్‌లో మావాడు ఇచ్చిన పాస్ ఎదుటివాళ్లకి వెళ్లి గోల్ అయింది. వెంటనే పేరు పెట్టి పిలిచి బయటికి తీసేశారు. అప్పటి నుంచి శనివారం తెల్లారితే చాలు, కడుపునొప్పి. ఆదివారం ఆ నొప్పి ఉండదు.

అకాడమీ మార్చాలా? కొన్నాళ్లు ఆపేయాలా? వాడితో ఏం మాట్లాడాలి? ఇంకో చిన్న సంగతి, మ్యాచ్‌లో తరచూ జారి పడుతున్నాడు, అది కూడా టెన్షన్ వల్లేనా? నాకు ఆట నియమాలు కూడా సరిగ్గా తెలీవు, అందుకని మీ జవాబులు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

మిడ్‌ఫీల్డ్ మామ

మేడమ్, మేం జింఖానా గ్రౌండ్స్‌లో ఆడుకున్న రోజుల్లో కోచ్ తిట్టడం మానేస్తే మా మీద ఆశ వదిలేసుకున్నాడని భయపడేవాళ్లం. ఇప్పటి పిల్లలు మరీ సున్నితం. రేపు పెద్ద మ్యాచ్ ఆడితే స్టేడియం మొత్తం అరుస్తుంది, అప్పుడేం చేస్తాడు? అకాడమీలు మారుస్తూ పోతే ఎక్కడా నిలవడు. అలవాటు పడనివ్వండి.

రిటైర్డ్ పీఈటీ, అనంతపురం

అమ్మా, మీవాడికి ధైర్యం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సెల్లార్‌లో పెద్ద పిల్లల మీదికి బంతి తీసుకుని వెళ్లేవాడికి ధైర్యం లేకపోవడమేంటి? వాడు లెక్క వేసుకున్నాడు, అంతే. బంతి నా దగ్గరుంటే అరుపులు, పోగొడితే బెంచీ, నా దగ్గరికి రాకపోతే నా పేరు ఎవరూ ఎత్తరు. పదేళ్ల పిల్లాడు ఇంతకన్నా తెలివిగా ఏం ఆలోచిస్తాడు? ఆ లెక్క మారితే పిల్లాడు తనంతట తనే ముందుకొస్తాడు.

మామ గారూ, స్టేడియంలో వేలమంది అరిస్తే ఆటగాడికి అదంతా ఒక హోరు. తనకు తెలిసిన గొంతు తన పేరు పట్టుకుని అరిస్తే మాత్రం అది ఆజ్ఞ. పైగా బయట నుంచి మనం "పాస్" అనేలోపు పిల్లాడి కాలు కదిలిపోయే ఉంటుంది. ఆ మాట వాడికి చేరేది ఆలస్యంగా. చేరాక చేసే పని ఒక్కటే, తర్వాతి బంతి వచ్చేటప్పుడు వాడు మైదానాన్ని వదిలేసి కోచ్ మొహం చూస్తాడు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసి రిటైరయ్యాను. కాళ్లకు బూట్లు లేని పిల్లలు, పీరియడ్‌కి నలభై మంది, బడి మొత్తానికి ఒకటే బంతి. మా ఊళ్ల గాలికి అరిచినా ఎవరికీ వినపడేది కాదు. అందుకని అరవడం మాని ఆట నియమాలు మార్చడం మొదలుపెట్టాను.

ఇది నా సొంత తెలివేం కాదు. హైదరాబాద్ రహీమ్ సాబ్, అదే సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తికి స్కూల్ టీచర్. ఆయన కోచ్‌గా ఉన్న కాలంలోనే మన దేశం 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని ఎదుటివాళ్లను తప్పించుకుంటూ పోవడం, చేయకూడదనే షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు. వాటంలేని కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీలు పెట్టేవారు. "బంతి వదులు, పాస్ ఇవ్వు" అని రోజూ గొంతు చించుకోవాల్సిన పనిని నియమమే చేసిపెట్టేది. ఇంకో లాభం కూడా నాకు కనిపించింది. అందరూ వాటంలేని కాలితో తడబడుతుంటే ఎవడి తప్పు చూసీ ఎవడూ నవ్వడు. మా బడిలో మొదటిసారి అందరూ ఎడమ కాలితోనే ఆడాలని పెట్టినప్పుడు అందరికన్నా వెనకబడిన పిల్లాడు ఎడమకాలి వాటంవాడు కావడంతో ఆ రోజుకి వాడే హీరో. ఆ తర్వాత వాణ్ని టీమ్‌లోకి తీసుకోవడానికి ఎవరూ మొహం చిట్లించలేదు.

మీవాడికి మాత్రం డ్రిబ్లింగ్ వద్దనే షరతుకి తిరగేసిన నియమం కావాలి. ముగ్గురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు, చిన్న చోటు. గోల్‌కి ఒక పాయింట్. ఎదురుగా ఉన్నవాణ్ని బంతితో దాటడానికి ప్రయత్నించినా ఒక పాయింట్, దాటినా సరే, బంతి పోయినా సరే. ఇలా కాసేపు ఆడితే పిల్లల ఒళ్లు వదులవడం కళ్లారా చూడొచ్చు. కోచ్ ఒప్పుకుంటే ప్రాక్టీస్‌లో, లేదంటే మీ సెల్లార్‌లోనే.

రెండోది, వెనక్కి తోసేయడానికి సగం కారణం తన వెనక ఏముందో తెలియకపోవడం. బంతి ఇచ్చేముందు వాడి వెనకాల ఎవరైనా ఒక రంగు బిబ్ (జట్లను గుర్తుపట్టడానికి చొక్కా మీద వేసుకునే రంగు బనియన్) ఎత్తి పట్టుకోవాలి. బంతి అందుకునేలోపు వాడు భుజం మీదుగా ఒకసారి చూసి ఆ రంగు చెప్పాలి. ఎరుపు, పసుపు, ఇంతే ఆట. వెనక ఖాళీ ఉందని కంటితో చూసినవాడికి తిరగమని ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. మీవాడు ఏ నెలలో పుట్టాడు? వయసు గ్రూపులు జనవరి 1 నుంచి లెక్కిస్తారు కాబట్టి ఒకే జట్టులో జనవరి పిల్లాడికీ డిసెంబరు పిల్లాడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది. పదేళ్ల వయసులో అది చాలా ఎక్కువ. భయం అనుకునేది చాలాసార్లు ఆ తేడానే. రెండు, వాళ్లు ఆడే బంతి నంబర్ ఎంత? ఈ వయసుకి నాలుగో నంబర్ సరైనది. టర్ఫుల్లో ఏది దొరికితే అది, ఎక్కువగా పెద్దవాళ్ల ఐదో నంబర్ బంతి పడేస్తారు. మూడు, ప్రాక్టీస్‌లో ఒక బ్యాచ్‌కి ఎంతమంది?

డాలస్ నాన్న

పీఈటీ సర్ చెప్పిన "నియమం మార్చడం" ఇక్కడ అధికారికంగానే ఉంది. మా అమ్మాయి అండర్-10 ఆడుతుంది, నేను ఆ టీమ్‌కి వాలంటీర్ కోచ్‌ని (ఇక్కడ చిన్న లీగుల్లో కోచ్‌లు చాలామంది తల్లిదండ్రులే, నేను పగలు ఆఫీసులో జావా రాస్తాను). జట్టుకి ఏడుగురు. గోలీ (గోల్‌కీపర్) బంతి పట్టుకోగానే ఎదుటి జట్టు మొత్తం బిల్డౌట్ లైన్ అని ఒక గీత ఉంటుంది, దాని అవతలికి వెళ్లిపోవాలి. గోలీ బంతిని గాల్లోకి తన్నకూడదు, పక్కనున్న పిల్లకి మెల్లగా ఇవ్వాలి. అంటే డిఫెండర్‌కి బంతి అందుకుని, తలెత్తి చూసి, ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలు తలతో కొట్టడం కూడా ఇక్కడ నిషేధం.

ఇక తల్లిదండ్రుల గోల ఎక్కడైనా ఒకటే. మన తెలుగు అంకుల్స్ "కొట్టవే, కొట్టు" అని అరుస్తుంటే రిఫరీకి అర్థం కాక నవ్వుకుంటాడు, పిల్లకి అర్థమై ఆగిపోతుంది. కొన్ని క్లబ్బులు ఒక శనివారం మొత్తం చప్పట్లు తప్ప మాట వినిపించకూడదని పెడతాయి. ఆ రోజు నేను గమనించింది, పిల్లలే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెడతారు. "నీ వెనక ఉంది చూడు" అని జట్టులో పిల్ల చెప్పడం వేరు, నేను చెప్పడం వేరు.

మీవారికి నా తరఫున ఒక మాట. కారులో మ్యాచ్ గురించి ఎత్తొద్దు. అది పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లాడి చేత క్వశ్చన్ పేపర్ మళ్లీ చదివించడం లాంటిది. ఆకలేస్తోందా, ఏం తింటావు, అంతే. వాడే ఎత్తితే వినండి.

గోలీ, వరంగల్

నేను కాలేజీ టీమ్‌లో గోలీని. మా తప్పు ఎప్పుడూ స్కోర్‌బోర్డు మీద కనిపిస్తుంది కాబట్టి ఈ బాధ నాకు తెలుసు. తమ్ముడికి 2022 మార్చిలో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ చూపించండి, హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్ మధ్య. కేరళ కొట్టిన గోల్ మన గోలీ కట్టిమణి చేతులకి తగిలి కూడా ఆగలేదు. చివర్లో మన సాహిల్ తవోరా బంతి నేలను తాకకముందే గాల్లోనే కొట్టిన గోల్‌తో సమం అయింది. షూటౌట్‌లో అదే కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, కప్పు మనకొచ్చింది. హైలైట్స్‌లో అందరూ ఆ మూడు సేవ్‌లే చూస్తారు. మీరు మాత్రం గోల్ పడ్డ దగ్గర నుంచి చూపించండి. గోల్ పడింది కదా అని ఆయన్ని ఎవరూ బయటికి తీసేయలేదు.

నిజాంపేట అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. పీఈటీ సర్, మావాడు నవంబరులో పుట్టాడు. బంతి చూశాను, దాని మీద 5 అనే ఉంది! ప్రాక్టీస్‌లో సగం టర్ఫ్‌లో ఇరవై మందికి పైగా ఉంటారు, ఎక్కువసేపు లైన్‌లో నిలబడి తమ వంతు కోసం చూస్తుంటారు. రంగు చెప్పే ఆట నిన్న దుపట్టాలతో ఆడించాను, బాగా నవ్వుకున్నాడు. కానీ కోచ్‌తో ఎలా మాట్లాడాలి? నాకు ఆట తెలీదని తీసిపారేస్తారేమో. మావారిని ఊరుకోమంటే మొహం మాడ్చుకుంటున్నారు, అది ఇంకో గొడవ.

రిటైర్డ్ పీఈటీ, అనంతపురం

నవంబరు, ఐదో నంబర్ బంతి, లైన్‌లో నిలబడటం. ఇక పిల్లాడి మనసు సంగతి తర్వాత, ముందు వాడి కాలికి బంతి తగిలేది ఎన్నిసార్లమ్మా? గంట ప్రాక్టీస్‌లో పదిసార్లు తాకినవాడు మ్యాచ్‌లో తడబడక ఏం చేస్తాడు? చిన్నపిల్లలకు చిన్న మైదానం, తక్కువమంది అన్న ఆలోచన మన దగ్గరా ఉంది. మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్‌ఎఫ్ 2018లో చిన్నపిల్లల కోసం బేబీ లీగ్స్ మొదలుపెట్టింది అందుకే. కోన్ల మధ్య వంతులవారీగా తిప్పే పాత పద్ధతి మాత్రం ఇంకా పోలేదు.

కోచ్‌ని కూడా అర్థం చేసుకోవాలి. టర్ఫ్ అద్దె గంటల లెక్కన కట్టాలి, బ్యాచ్ నిండాలి, కప్పులు రాకపోతే తల్లిదండ్రులే వేరే చోటికి తీసుకుపోతారు. ఆయన అరుపుల్లో సగం మనకు వినిపించడానికే. కాబట్టి మ్యాచ్ రోజు మాట్లాడకండి. ప్రాక్టీస్ అయ్యాక, పిల్లాడు పక్కన లేనప్పుడు ఒకటే అడగండి: "సర్, ఈ నెలలో మావాడిలో మీరు చూడాలనుకునే ఒక్క మార్పు ఏంటి?" ఆట తెలియకపోయినా అడగగలిగిన ప్రశ్న ఇది. ఆయన ఆలోచించి ఒకటి చెప్పాడనుకోండి, "బంతి వచ్చేముందు చూడటం" అని గానీ, "ఎదురుగా వెళ్లడం" అని గానీ, మంచి కోచే. అప్పుడు "ఆ ఒక్కటి చేసేటప్పుడు మిగతా తప్పులు వదిలేద్దామా సర్, తప్పు జరిగిన వెంటనే బయటికి తీయకుండా కాసేపాగి తీస్తారా" అని అడగండి. ఓపిక అని మనం అనేది ఇదే, ఈ రోజు ఏ తప్పు చూసీ చూడనట్టు వదలాలో ముందే తేల్చుకుని ఉండటం. అలా కాక "అన్నీ మారాలి, వాడికి సీరియస్‌నెస్ లేదు" అంటే మాత్రం వేరే అకాడమీ చూడండి, మొహమాటం వద్దు. కొత్తచోట కప్పులు ఎన్ని ఉన్నాయో చూడక్కర్లేదు. ఒక బంతికి ఎంతమంది పిల్లలున్నారో చూడండి.

ఆట పూర్తిగా ఆపించకండి. కొన్ని శనివారాలు మ్యాచ్ మానిపించి సెల్లార్‌లోనే ఆడనివ్వండి, తప్పేం లేదు. కడుపునొప్పి మామూలు రోజుల్లో కూడా వస్తే డాక్టరుకి చూపించండి, అన్నీ భయం ఖాతాలో వేయకూడదు.

మీవారి సంగతి. ఊరికే ఉండమంటే ఏ తండ్రీ ఉండలేడు, పని అప్పజెప్పండి. కాగితం, పెన్ను ఇచ్చి మీవాడు బంతి కోసం ఎన్నిసార్లు ఖాళీలోకి వచ్చాడో గీతలు పెట్టమనండి. బంతి వచ్చిందా, పోయిందా అన్నది రాయకూడదు. గీతలు పెట్టేవాడు అరవలేడు. పైగా పిల్లాడు బంతి లేకుండా ఎంత ఆడుతున్నాడో ఆయనకీ అప్పుడే తెలుస్తుంది.

జారిపడటం గురించి అడిగారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. బూట్లు చూడండి. మామూలు గడ్డి మైదానానికి వాడే బూట్ల అడుగున ఉండే పొడవాటి స్టడ్స్ (ముళ్లలాంటి బుడిపెలు) టర్ఫ్ మీద సరిగ్గా పట్టవు, అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలు దగ్గరదగ్గరగా ఉండే టర్ఫ్ షూస్ కావాలి. ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్దవి కొని ముందు దూది కుక్కి ఉంటే అవి తీసేయండి. బొటనవేలి ముందు అర వేలి వెడల్పు ఖాళీ చాలు. సాయంత్రం పూట, మ్యాచ్‌కి వేసుకునే మేజోళ్లతోనే వాణ్ని షాపుకి తీసుకెళ్లి వేయించి చూడండి.