హన్మకొండలో ఉక్రెయిన్ థీమ్ రెస్టారెంట్: గోడలు, బొమ్మలు, దర్రీలు మనవాళ్లతో చేయించొచ్చా?

నయీంనగర్_సైట్:
ఫస్ట్ ఫ్లోర్, 40×22 అడుగుల హాలు. ఓనర్లు ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చేసొచ్చినవాళ్లు. అక్కడి పల్లె ఇల్లులా తెల్ల సున్నం గోడలు, పెట్రికివ్కా (అక్కడి జానపద చిత్రకళ) పూలు, కిలిమ్‌లు (నేసిన తివాచీలు) కావాలంటున్నరు. బయటి నుంచి తెప్పించే బడ్జెట్ లేదు. ఇప్పుడు గోడలకు పుట్టీ, ఎమల్షన్ ఉన్నయి. వాటిమీదే సున్నం కొట్టొచ్చా? పూలు చేర్యాల కళాకారులతో వేయించొచ్చా?

సున్నం_మేస్త్రి:
కొట్టొద్దు. ఎమల్షన్ మీద సున్నం పట్టదు, పెచ్చులు పెచ్చులుగా లేస్తది. పుట్టీ మొత్తం గీకి, సిమెంట్ మీద అంగుళానికొకటి గాట్లు పెట్టి, ముందురోజు సాయంత్రం గోడ తడపండి. సున్నం కనీసం 15 రోజులు నీళ్లల్ల నానాలె. నానని పలుకు ఒక్కటి మిగిలినా తర్వాత ఉబ్బి గోడ బుగ్గలొస్తది. సున్నం 1, జల్లించిన ఇసుక 3, మందం 10 మిల్లీమీటర్లు, పైన 3 మిల్లీమీటర్ల సన్న పూత. వారం దాకా ఫ్యాన్ వేయొద్దు, రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లాలె. ఎండాకాలంల ఈ ఒక్కటి మర్చిపోతే వెంట్రుకంత సన్న పగుళ్లు ఖాయం.

కుర్చీలు ఆనే చోట సున్నం బట్టలకంటుతది. కింద 3 అడుగులు జాజు రంగు చెక్క పట్టీ వేయండి. అక్కడి ఇళ్లకు కూడా అడుగున రంగు మట్టి పట్టీ వేసేవాళ్లు, కాబట్టి అతికినట్టుంటది. ఇంటి బయట వాళ్ల ప్రిజ్బా అంటే మన అరుగే. గోడ వెంట 18 అంగుళాల అరుగు సీటింగ్ పెట్టొచ్చు. కానీ ఇటుకతో నిండుగా కడితే అడుగు పొడవుకు దాదాపు 120 కిలోలు పడ్తది, ఫస్ట్ ఫ్లోర్ స్లాబ్ మీద వద్దు. ప్లైవుడ్ డబ్బా చాలు.

నకాషీ_రంగులు:
పెట్రికివ్కాను చేర్యాల వాళ్లతో కాపీ కొట్టించకండి. అది ముందు గీత గీసుకోకుండా, పిల్లి వెంట్రుకల కుంచెతో, వేలికొనతో ఒక్క ఊపులో వేసే పని. 2013లో యునెస్కో జాబితాకెక్కింది. చేర్యాలది గీత గీసి రంగు నింపే చేయి. ఒకదాన్ని ఇంకొకదానితో చేయిస్తే స్టిక్కర్ లెక్క బిగుసుకుపోతది. దానికి బదులు బోర్ష్ (అక్కడి బీట్‌రూట్ సూప్) వండే ఘట్టాలను ఎర్ర నేపథ్యంతో, వరుస గళ్లల్ల పటంగా అడగండి. అది చేర్యాల వాళ్ల సొంత పద్ధతి.

పటం బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూస్తరు. వంటగది ఆవిరి తగిలితే బూజు పడ్తది. దూరంగా, అద్దానికీ పటానికీ అర అంగుళం ఖాళీతో ఫ్రేమ్ కట్టించండి. సున్నం గోడమీద నేరుగా రంగులేస్తే ఆక్సైడ్ రంగులే. పసుపు పెడితే ఎర్రబడ్తది, పారాణి సంగతి తెల్సిందే కదా.

కొత్తవాడ_మగ్గం:
కిలిమ్ కోసం దిగులొద్దు, వరంగల్ దర్రీ కూడా అట్లనే బల్లపరుపు నేత. డిజైన్ గ్రాఫ్ పేపర్ మీద ఇవ్వండి. డైమండ్లు, మెట్ల అంచులు శుభ్రంగా వస్తయి. పూల వంపులు మాత్రం పళ్లుపళ్లుగా వస్తయి. ఎరుపు నూలు ఒక పోగు తీసి, తడి తెల్లగుడ్డలో రుద్ది చూడండి. రంగు దిగితే వెనక్కి పంపండి. మేకులు కొట్టకుండా పైన 3 అంగుళాల గొట్టంలా కుట్టించి పైపు దూర్చండి, గోడకు 2 అంగుళాలు ఎడంగా. సౌండ్ కూడా తగ్గుతది. నేలమీద వేస్తే ఒక్క బోర్ష్ గిన్నె చాలు, బీట్‌రూట్ మరక పోదు.

ఇంకోటి, రుష్నిక్‌లను చేతులు తుడుచుకునే గుడ్డల్లా పెట్టకండి. దేవుడి పటానికి కట్టే, రొట్టె-ఉప్పు పెట్టి ఎదురొచ్చే గుడ్డ అది.

నయీంనగర్_సైట్:
పుట్టీ గీకుడు రేపే మొదలుపెట్టిస్త. జాజు పట్టీ మీద వార్నిష్ వేయొచ్చా?

సున్నం_మేస్త్రి:
చెక్కకు మ్యాట్ వార్నిష్ వేయండి. సున్నం గోడమీదికి మాత్రం ఎక్కనీయకండి, అక్కడ లోపలి తడి ఆరదు. అంచుకు టేప్ పెట్టించండి.