ఏరేటర్ పేటెంట్: ఇది కొత్తదో కాదో ఎలా వెతకాలి?

మాది ఇందుకూరుపేట దగ్గర, రొయ్యల చెరువులు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ రెక్కలకు నాచు చుట్టుకుని రెండు మోటార్లు కాలిపోయాయి. అందుకే లోడ్ పెరగగానే చక్రం 10 సెకన్లు వెనక్కి తిరిగి నాచు వదిలించుకునే ఏర్పాటు చేశాను. పేటెంట్‌కి వేసే ముందు వెతుకుదామని గూగుల్ పేటెంట్స్‌లో ‘ప్యాడిల్ వీల్ ఏరేటర్’ అని కొడితే చైనావే కుప్పలు! ఒక బొమ్మలో వెనక్కి తిరిగే చక్రం చూసి గుండె గుభేలుమంది. క్లెయిములు (పేటెంట్‌లో హక్కు కోరే అంశాలు) చదివితే తలకెక్కలేదు.

ఐపీసీ (పేటెంట్లను విషయాల వారీగా విడదీసే అంతర్జాతీయ వర్గీకరణ) కోడ్ ఏ01కే 63/04 ఒక్కటి చాలా, సీ02ఎఫ్ 7/00 కూడా చూడాలా? మన దేశ పేటెంట్లు వెతికే ఇన్‌పాస్ సైట్‌లో కోడ్‌తో ఎలా వెతకాలి? 18 నెలల లోపు దాఖలైనవి చాలావరకు బయటికి రావట, అదో టెన్షన్. పక్క చెరువువాళ్లు చూస్తామంటే ఇంకా చూపించలేదు, మా బావకి దాని మీదే కోపం. క్లెయిముల్లో ముందు ఏది చదవాలో తెలిసినవాళ్లు చెప్పండి అన్నా.