ఆదాము ఒక్కడు కాకపోతే జన్మపాపం నిలుస్తుందా?

జన్యుశోధిని: తొలి మనిషి ఆదాము చేసిన పాపం, అంటే జన్మపాపం, అనుకరణ వల్ల కాక సంతానక్రమంలోనే మనుషులందరికీ సంక్రమిస్తుందని కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1546లో తీర్మానించింది. ఆదాము ఒక్క వ్యక్తి కాదు, తొలి పూర్వీకుల సమూహం అనే అభిప్రాయం ఈ సిద్ధాంతంతో ఎలా పొసగుతుందో కనిపించడం లేదని పన్నెండవ పయస్ పోపు 1950 నాటి లేఖలో రాశారు. అయితే నేటి మనుషుల జన్యువుల్లోని వైవిధ్యాన్ని బట్టి చూస్తే, గత కొన్ని లక్షల ఏళ్లలో మన పూర్వీకుల సంఖ్య వేలకు తగ్గిందే తప్ప ఒక్క జంటకు పడిపోలేదు. పైగా ఆఫ్రికా వెలుపలి జనాల్లో అంతరించిపోయిన మరో మానవజాతి అయిన నియాండర్తాల్ మానవుల జన్యువులు కూడా ఒకటి రెండు శాతం ఉన్నాయి. మరి ఈ పాపం ఎవరి నుంచి సంక్రమించినట్టు?

వాక్యమిత్ర: సహోదరీ, మనందరికీ తల్లి ఒక్కతేనని 1987లో శాస్త్రవేత్తలే తేల్చారు. ఆమెను మైటోకాండ్రియా హవ్వ అని లోకమంతా పిలుస్తోంది. ఒక్క తల్లి ఉన్నప్పుడు ఒక్క తండ్రి ఉండడంలో విడ్డూరం ఏముంది?

జన్యుశోధిని: మైటోకాండ్రియా అంటే కణంలో శక్తిని తయారుచేసే, సొంత జన్యువులున్న భాగం. అది బిడ్డకు తల్లి నుంచే వస్తుంది. అందరూ కొడుకులే పుట్టిన స్త్రీ మైటోకాండ్రియా ఆమె మనవలకు చేరదు, కానీ ఆమె మిగతా జన్యువులు ఆ కొడుకుల ద్వారా కొనసాగుతూనే ఉంటాయి. ఇలా తరతరానికీ కొందరు తల్లుల వరుసలు ఆగిపోగా, సుమారు లక్షన్నర నుంచి రెండు లక్షల ఏళ్ల కిందటి ఒక్క స్త్రీ వరుస మాత్రం నేటిదాకా మిగిలింది. ఆ కాలంలో ఆమెతో పాటు బతికిన ఇతర స్త్రీపురుషుల జన్యువులూ మనలో ఉన్నాయి. ఆమె తొలి స్త్రీ కాదు, ఆమెకూ ఒక తల్లి ఉంది. మన జాతివని భావిస్తున్న ఎముకలు మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికాయి, వాటి వయసు సుమారు మూడు లక్షల ఏళ్లు.

వాక్యమిత్ర: పూర్తిగా చదివాను. ఎంత దూరం తిరిగినా మీరు చివరికి ఒక్క స్త్రీ దగ్గరికే వచ్చారు.

నిదానం: జన్యువుల వరుస వేరు, వంశవృక్షం వేరు. కొన్ని వేల ఏళ్ల కిందటి ఒకే వ్యక్తి నేటి మనుషులందరి వంశవృక్షాల్లోనూ ఉండే అవకాశం ఉందని 2004లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక గణిత నమూనా చూపింది. అలాంటి వ్యక్తి జన్యువు ఒక్కటీ మనలో మిగలకపోవచ్చు కూడా. కాబట్టి ఆదాము లేడని జన్యుశాస్త్రం చెప్పలేదు. అయితే అతని కాలంలో ఇతర మనుషులు కూడా ఉన్నారని విశ్వాసులు ఒప్పుకోవలసి ఉంటుంది.

వాక్యమిత్ర: ఒప్పుకోను. బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక అయిదవ అధ్యాయంలో, ఒక్క మనుష్యుని ద్వారానే పాపం లోకంలోకి వచ్చిందని పౌలు చెప్పాడు. జన్యుశోధిని గారూ, ఏ చర్చలోనైనా మీరు క్రైస్తవ సంఘం మీదే విరుచుకుపడతారు. ఎముకలు, జన్యువులు అన్నీ సాకులు. పాపం అనే మాటే మీకు గిట్టదు.

జన్యుశోధిని: సాకు అన్నారు గనుక చెబుతున్నాను. మా చెల్లెలి బిడ్డ జ్ఞానస్నానం జరగకముందే చనిపోయాడు. బిడ్డ ఇంకా జన్మపాపంలోనే ఉన్నాడు గనుక ప్రార్థన చేయనని అక్కడి చర్చి గురువు ఆ తల్లి ఎదుటే అన్నాడు. జ్ఞానస్నానానికని కుట్టించిన తెల్ల గౌను తొడిగి, మేమే పాతిపెట్టుకున్నాం. ఆదాము ఒక్కడేనని రేపు నిస్సందేహంగా రుజువైనా నా అభ్యంతరం తీరదు. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడని యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంటే, ఆ పసివాడు ఎవరి దోషం మోశాడు?

దీపిక: ఆ గురువు అన్న మాట ఆయన సంఘం బోధ కూడా కాదు. జన్మపాపం బిడ్డ చేసిన తప్పు కాదనీ, అది ఒక స్థితి మాత్రమేననీ 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం స్పష్టంగా చెబుతోంది. జ్ఞానస్నానం లేకుండా మరణించిన శిశువుల రక్షణ గురించి ఆశించడానికి బలమైన కారణాలున్నాయని వాటికన్ వేదాంత సంఘం 2007లో ఒక పత్రమే వెలువరించింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలైతే మనకు సంక్రమించింది మరణమే గాని అపరాధం కాదని సాధారణంగా బోధిస్తాయి. శిశువుల మీద అపరాధం మోపిన ధోరణికి పాపం పుట్టుకతో సంక్రమించదన్న పెలాగియస్‌తో వేదాంతి అగస్టీను అయిదవ శతాబ్దంలో సాగించిన వాదమే ప్రధాన మూలం.

వాక్యమిత్ర: ఆ తల్లికి జరిగింది అన్యాయం, దాన్ని నేను సమర్థించను. కానీ ఈ సిద్ధాంతాన్ని నేనెందుకు వదులుకోలేనో వినండి. మా నాన్న కోపం చూసి, అలా ఉండకూడదని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నేడు నా కొడుకు మీద చెయ్యెత్తినప్పుడు నా నోట వచ్చేవి మా నాన్న మాటలే. ఇది నేను ఎంచుకున్నది కాదు, అయినా నాదే. ఇంత సూటిగా నా స్థితిని మరే బోధా చెప్పలేదు. పుట్టుకతో మనిషి నిర్దోషి అంటే, నాలో ఉన్న దీనికి పేరే లేకుండా పోతుంది.

జన్యుశోధిని: మీరు వర్ణించినది వారసత్వంగా వచ్చిన బలహీనత. కోపస్వభావం కొంత జన్యువుల ద్వారా, కొంత పెంపకం ద్వారా వస్తుందని నేనూ అంటాను. బలహీనత ఉన్నవాడిని ఆదుకోవాలి గాని, శిక్షార్హుడని ఎలా అంటారు?

వాక్యమిత్ర: నా కొడుకు ముందు నిలబడి అది జబ్బు అని చెప్పుకోలేను. నాకు క్షమాపణ కావాలి. అపరాధం లేదంటే అడగడానికి క్షమాపణే ఉండదు.

జన్యుశోధిని: మీరు క్షమాపణ అడుగుతున్నది మీ చేతితో చేసినదానికి. అది న్యాయం. ఆ బిడ్డ చేతితో ఏం చేశాడో చెప్పండి. ఇంతసేపూ నేను అడుగుతున్నది అదే.