ఐరిస్ యంగ్ చెప్పిన అణచివేత ఐదు ముఖాల్లో కులం ఎక్కడ ఇముడుతుంది?

మహబూబ్‌నగర్ డిగ్రీ విద్యార్థులకు గంటన్నర పాఠం కోసం అడుగుతున్నా. అణచివేత అంటే మొదట్లో నిరంకుశ పాలకుడు చేసేది. సమాజం కూడా నిరంకుశం కాగలదని 1859లో ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ అన్నాడు. మార్క్స్ చూపును ఉత్పత్తి సంబంధాల మీదికి మళ్లించాడు. ఇక్కడిదాకా పేచీ లేదు.

1983లో స్త్రీవాద తత్వవేత్త మారిలిన్ ఫ్రై అణచివేతకు పంజరం ఉదాహరణ ఇచ్చింది: ఒక్కో ఊచనే చూస్తే పిట్ట ఎందుకు ఎగిరిపోదో తెలియదు, అన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది. 1990 నాటి పుస్తకంలో రాజనీతి తత్వవేత్త ఐరిస్ యంగ్ అణచివేతకు దోపిడీ, వెలివేత, శక్తిహీనత, సాంస్కృతిక ఆధిపత్యం, హింస అని ఐదు ముఖాలు చెప్పింది.

నల్లగొండ వెట్టికి పాత నిర్వచనమే సరిపోతుంది, దొర ఎదురుగానే ఉంటాడు కాబట్టి. పాలమూరు లేబర్, అంటే మహబూబ్‌నగర్ నుంచి పనికి వలసపోయే కూలీల దగ్గరే చిక్కు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు, కూలిలో కోసుకుంటాడు, లెక్క అతని చేతిలోనే. గుంపుతో పోయిన పిల్లల బడి ఆగుతుంది. విడివిడిగా చూస్తే ఏదీ బలవంతం కాదు, అన్నీ ‘ఒప్పందాలే’. పైగా మేస్త్రీ చాలాసార్లు ఆ ఊరివాడే.

కులం శ్రమ విభజనే కాదు, శ్రామికుల విభజన కూడా అనీ, అది మెట్లుమెట్లుగా ఉంటుందనీ అంబేడ్కర్ 1936లోనే రాశాడు. కింద ఇంకొకరున్నారన్న ఊరటే ఐక్యతను చెడగొడుతుంది. యంగ్ ముఖాల్లో ఈ మెట్ల సంగతి దొరకడం లేదు. దీన్ని ఆరో ముఖం అనడమే నయమా, లేక ఐదింటినీ కలిపే నిర్మాణం అనాలా? నాకు రెండోదే సబబనిపిస్తోంది. అయితే దళిత ఆడపిల్లలను దేవుడి పేరిట అంకితం చేసే, 1988 చట్టం నిషేధించిన జోగిని ఆచారంలో కులం, లింగం ఒక్కటైపోతాయి. అక్కడ ఈ వాదన నిలుస్తుందా? ఫ్రై, యంగ్ వ్యాసాలకు తెలుగు అనువాదాలుంటే కూడా చెప్పండి.