హైదరాబాద్ నుంచి తిరుపతికి కుటుంబంతో తరలివెళ్లడం: ఇప్పుడే అందరమా, ఒక ఏడాది ఆగాకా?

ప్రశ్న (మియాపూర్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లోని మియాపూర్‌లో ఉంటున్నాం. నాకు ఏర్పేడు దగ్గర ఉన్న ఒక జాతీయ విద్యాసంస్థలో అధ్యాపక ఉద్యోగం వచ్చింది. జూన్ మొదటి వారంలో చేరాలి. మావారు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నెలకు ఒక వారం ఆఫీసుకు వచ్చి, మిగతా రోజులు ఇంటి నుంచి పని చేసుకోవచ్చని వారి మేనేజర్ నోటిమాటగా ఒప్పుకున్నారు కానీ, ఆ అనుమతి ఇంకా కాగితం మీదకు రాలేదు. మా పాప సీబీఎస్‌ఈ బడిలో ఎనిమిదో తరగతి ముగించబోతోంది, బాబు రెండో తరగతిలో ఉన్నాడు. మా అత్తగారికి డెబ్బై ఒక్క ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, మధుమేహం ఉన్నాయి. మామగారు పోయిన తర్వాత ఆమెకు మా అపార్ట్‌మెంట్‌లోని విష్ణుసహస్రనామ పారాయణ బృందమే పెద్ద ఆసరా అయింది.

మేము అనుకున్న పద్ధతి ఇది. మొదటి ఏడాది నేనొక్కదాన్నే అక్కడ ఉండి, శని, ఆదివారాల్లో వీలైనప్పుడల్లా వచ్చి వెళ్తాను. ఊరు, ఉద్యోగం కుదురుకున్నాయనిపిస్తే వచ్చే ఏడాది అందరం వెళ్తాం, లేదంటే నేనే వెనక్కి వస్తాను. ఇంటి రుణం ఇంకా తొమ్మిదేళ్లు ఉంది కనుక తొందరపడకూడదన్నది మావారి అభిప్రాయం. ఇందులో మేము గమనించని చిక్కులేమైనా ఉన్నాయా? ఇల్లు ఎటువైపు చూసుకోవాలి? అత్తగారి వైద్యానికి ఆ ఊరు సరిపోతుందా? మహానగరంలో పెరిగిన పిల్లలకు అక్కడ అవకాశాలు తగ్గిపోతాయేమోనన్న బెంగ కూడా నాకుంది. అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు (తిరుపతి, ఒక విద్యార్థి తండ్రి)

అమ్మా, మిగతా విషయాలన్నీ తరువాత చూసుకోవచ్చు. మీరు అనుకున్న ఆ ఒక్క ఏడాది ఆగడం వల్ల మీ పాపకు కలిగే నష్టాన్ని ముందు తెలుసుకోండి. ఎందుకంటే సరిగ్గా అదే పొరపాటు మేము చేశాం.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ వృత్తివిద్యా కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు దక్కుతాయి. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఒకే స్థానిక ప్రాంతంలో చదివినవారిని అక్కడి స్థానికులుగా లెక్కిస్తారు. బోర్డు సీబీఎస్‌ఈ అయినా, రాష్ట్ర బోర్డు అయినా బడి ఎక్కడ ఉన్నదన్నదే ముఖ్యం. నెల్లూరుతో కలిపి పాత రాయలసీమ జిల్లాలన్నీ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తాయి కనుక, పాప ఈ జూన్‌లో తిరుపతిలో తొమ్మిదో తరగతిలో చేరితే ఇంటర్ ముగిసేసరికి ఆ నాలుగేళ్లూ నిండుతాయి.

తొమ్మిది హైదరాబాద్‌లో చదివి పదిలో ఇక్కడ చేరితే ఏమవుతుందో చూడండి. ఇక్కడ మూడేళ్లే అవుతాయి. అటువంటప్పుడు ఏడేళ్ల చదువును లెక్కలోకి తీసుకుంటారు. ఆరు నుంచి తొమ్మిది వరకు నాలుగేళ్లు హైదరాబాద్‌లోనే గడిచాయి కాబట్టి ఆ లెక్క కూడా ఇక్కడికి అనుకూలించదు. పోనీ తెలంగాణలో స్థానికురాలవుతుందా అంటే, వైద్యవిద్య విషయంలో 2024లో అక్కడి ప్రభుత్వం నిబంధనను మార్చి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి ఉండాలన్నది. రాష్ట్రం విడిపోయినప్పుడు పదేళ్లపాటు ఉమ్మడి ప్రవేశాలు కొనసాగించారు గానీ ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసిపోయింది. ఆ విధంగా పాప ఏ గట్టుకూ చేరకుండా నడిమధ్యలో మిగిలిపోయే ప్రమాదం ఉంది.

మేము 2022లో మా అబ్బాయి తొమ్మిదో తరగతి ముగిశాక ఇక్కడికి వచ్చాం. బడి మార్చేటప్పుడు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ధ్రువపత్రాల పరిశీలన రోజున వాడు స్థానిక అభ్యర్థి కాడని తేలింది. నా భార్య ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగి. రాష్ట్రంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లోనో, విశ్వవిద్యాలయాల్లోనో పనిచేసేవారి పిల్లలు మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లకు పోటీపడవచ్చు గనుక వాడికి ఒక దారి దొరికింది. మీ పాపకూ ఆ దారి ఉంటుంది. అయితే ఆ 15 శాతానికి స్థానికులు కూడా పోటీపడతారు. వాడికి వచ్చిన ర్యాంకుకు స్థానికుడై ఉంటే దొరికే కళాశాలకూ, చివరికి దొరికిన కళాశాలకూ ఉన్న తేడాను తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఐఐటీ సీట్లకు ఈ స్థానికత అడ్డు రాదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఉంటాయి కానీ, అక్కడ పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే చూస్తారు. ఇబ్బందల్లా రాష్ట్ర కోటాతోనే, మన పిల్లల్లో ఎక్కువమంది చేరేది కూడా ఆ కోటాలోనే. దానికి తోడు సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది. పదిలో బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి. వస్తే ఈ జూన్‌లో రండి, లేదా పాప ఇంటర్ ముగిసేదాకా రాకండి. ప్రవేశాల నిబంధనలు ఏటా కొంత సవరిస్తూ ఉంటారు కాబట్టి ఈ ఏడాది ఉత్తర్వులను ఒకసారి మీరే స్వయంగా చదవండి.

రెండో జవాబు (బైరాగిపట్టెడ, తిరుపతి)

నేను ఆరేళ్ల కిందట బెంగళూరు నుంచి ఇద్దరు పిల్లలతో, మా అమ్మతో ఇక్కడికి వచ్చినదాన్ని. పై సోదరుడు చదువు సంగతి పూర్తిగా చెప్పారు కాబట్టి నేను ఇంటి గురించి, పెద్దవారి గురించి రాస్తాను.

ఏర్పేడు తిరుపతికి తూర్పున, రేణిగుంట దాటిన తర్వాత శ్రీకాళహస్తి దారిలో ఉంటుంది. ఊరి నుంచి పాతిక కిలోమీటర్లలోపే. మీ ఒక్కరి సౌకర్యమే చూసుకుంటే రేణిగుంటలోనో, కరకంబాడి వైపో ఉండటం మేలు. నెలకోసారి హైదరాబాద్ వెళ్లే మీవారికి విమానాశ్రయం కూడా రేణిగుంటలోనే ఉంది. అయినా ఇంట్లో నలుగురు రోజంతా గడిపేది ఊళ్లో, మీరొక్కరే ఏర్పేడు వెళ్లి వస్తారు. బడి, ఆసుపత్రి, గుడి నడిచి గానీ పది నిమిషాల ఆటోలో గానీ చేరగలిగే చోట ఇల్లు తీసుకుని, ఆ ప్రయాణం మీరు భరించడమే మంచిదని నా అభిప్రాయం. మీ సంస్థ బస్సు ఊళ్లో ఎక్కడెక్కడ ఆగుతుందో ముందుగా కనుక్కుని, ఆ చుట్టుపక్కల వెతకండి.

ఇల్లు చూసేటప్పుడు వాన సంగతి తప్పక అడగాలి. హైదరాబాద్‌లో వానలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడితే, ఇక్కడ అసలైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో శేషాచలం కొండల మీద కురిసిన నీరంతా ఒక్కసారిగా ఊరి మీదికి దిగినప్పుడు ఎన్నో వీధులు మునిగిపోయాయి. ఇంటి యజమానిని కాకుండా ఎదురింటివారిని, వీధి చివరి కిరాణా కొట్టు ఆయనను ఆ నవంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు.

తిరుపతిలో ఇల్లంటే బంధువులందరికీ విడిది ఇల్లే. దర్శనానికి వచ్చేవారు, కొండ దిగి రైలు వేళ దాకా ఆగేవారు, మొక్కు తీర్చుకునేవారు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. నాకది ఇష్టమే. బెంగళూరులో ఏళ్ల తరబడి చూడని మేనత్తలను, పిన్నమ్మలను ఇక్కడికి వచ్చాకే మా పిల్లలు గుర్తుపట్టడం నేర్చుకున్నారు. అందుకని అద్దె కొంచెం ఎక్కువైనా ఒక గది అదనంగా ఉన్న ఇల్లు తీసుకోండి. మీరు శని, ఆదివారాల్లో హైదరాబాద్ వెళ్లి వస్తానన్నారు, అది అంత తేలిక కాదు. వందేభారత్‌లో ఎనిమిది గంటలకు పైనే పడుతుంది, నారాయణాద్రిలో అయితే రాత్రంతా ప్రయాణమే. రిజర్వేషన్లు అరవై రోజుల ముందు తెరుస్తారు. శని, ఆదివారాల టికెట్లు యాత్రికులతో ఇట్టే నిండిపోతాయి.

వైద్యం విషయంలో మీరు దిగులుపడవలసిన పని లేదు. స్విమ్స్ ఉంది, రుయా ఉంది, ఎముకలకు, కీళ్లకు దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. అంతకు మించి అవసరమైతే మాకు హైదరాబాద్ గుర్తుకు రాదు. వేలూరు సీఎంసీ, చెన్నై రెండూ ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రాగలిగినంత దగ్గర. మీ అత్తగారి పాత రిపోర్టులు, స్కాన్‌లు, మందుల చీటీలు ఒక ఫైలులో పెట్టి తీసుకురండి.

పిల్లల అవకాశాల గురించి మీరు బెంగపడుతున్నారు. మనలో చాలామందికి తిరుపతి దర్శనానికి వెళ్లే దారిలోని ఊరుగానే తెలుసు. ఇక్కడ 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి. సంస్కృత, వేద, పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. 2015లో ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వచ్చాయి. మా పెద్దమ్మాయి దేవస్థానం వారి సంగీత, నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకుంటోంది. బెంగళూరులో సంగీతం క్లాసుకు వెళ్లి రావడానికే ఆ పిల్లకు రెండు గంటలు పట్టేది. సెలవు రోజుల్లో అలిపిరి దారిలోని సైన్స్ సెంటర్‌కు సైకిలు మీద వెళ్లి వస్తుంది. పెద్ద పెద్ద మాల్‌లు, రోజుకో కొత్త హోటల్ ఇక్కడ ఉండవన్నది నిజం. మొదటి మూడు నెలలు పిల్లలు వాటి కోసం గొణిగారు కూడా.

మూడో జవాబు (కొండాపూర్, హైదరాబాద్)

పై ఇద్దరూ చెప్పినదాన్ని కాదనను గానీ, మీవారి ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. నోటిమాట మీద నమ్మకంతో నేను మరో చిన్న నగరానికి కుటుంబంతో వెళ్లాను. ఏడు నెలలకు మేనేజర్ మారారు, వారంలో అయిదు రోజులూ ఆఫీసుకు రావాలన్నారు. తిరుపతి పరిసరాల్లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, తడ దగ్గర శ్రీసిటీ ఉన్నా, మీవారి స్థాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అక్కడికక్కడ దొరుకుతుందని లెక్కలు వేసుకోవద్దు. అనుమతి రాతపూర్వకంగా, వీలైతే మానవ వనరుల విభాగం నుంచి తీసుకోండి. అది రాకపోయినా కుటుంబాన్ని ఆపవద్దు. మీవారు ఒక్కరే కొన్నాళ్లు హైదరాబాద్‌లో చిన్న గది తీసుకుని ఉండవచ్చు. మియాపూర్ ఫ్లాట్‌ను అమ్మకండి, మెట్రో పక్కన ఉంది కాబట్టి అద్దెకు సులువుగానే పోతుంది. కారును వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి వాడితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, దానికి ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మొదటి జవాబును రాత్రి మావారికి చదివి వినిపించాను. ఒక ఏడాది ఆగుదామన్న మాట అక్కడితో ముగిసిపోయింది. ఏడాది ఆగితే జాగ్రత్త అవుతుందనుకున్నాం, ఆ నష్టం పాప మీద పడుతుందని మాకు తట్టనేలేదు. అనుమతి కాగితం వచ్చినా రాకపోయినా పిల్లలూ నేనూ జూన్‌కే వెళ్లాలని నిర్ణయించుకున్నాం.

ఇక మిగిలింది అత్తగారు. "మీరంతా వెళ్లండమ్మా, నేను ఇక్కడే పెద్దమ్మాయి దగ్గర ఉంటాను" అంటున్నారు. మా ఆడపడుచు ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేనిది. పైగా బాబు ఆమె పక్కన తప్ప నిద్రపోడు. ఆమెను నొప్పించకుండా ఎలా ఒప్పించాలో తెలియడం లేదు.

రెండో జవాబు రాసినవారు మళ్లీ

ఒప్పించే ప్రయత్నం ఇప్పుడే చేయకండి. ఏప్రిల్‌లో మీరు ఇల్లు చూడటానికి వచ్చేటప్పుడు ఆమెను కూడా వెంటబెట్టుకుని వచ్చి ఒక వారం ఉంచండి. కొండకు మాత్రమే తీసుకెళ్లి తిరిగి తీసుకుపోతే అది యాత్ర అవుతుంది. ఉదయం గోవిందరాజస్వామి గుడికి, మధ్యాహ్నం కూరగాయల మార్కెట్‌కు, సాయంత్రం తిరుచానూరుకు తీసుకెళ్లండి. ఏ ఇల్లు తీసుకోవాలో ఆమెనే చెప్పమనండి. మా అమ్మ కూడా రానన్నది. ఈ ఇంటి పెరట్లో తులసికోటకు చోటు చూసుకున్నాక ఇక ఆ మాట ఎత్తలేదు. మా వీధిలో శనివారం సాయంత్రాలు సహస్రనామ పారాయణం జరుగుతుంది. ఆ వారంలోనే ఆమెను వచ్చి కూర్చోమనండి, మా అమ్మ పక్కన చోటు ఉంచుతాను.

వచ్చిన వెంటనే ఆధార్‌లో చిరునామా మార్పించుకోండి. స్థానికులకు ప్రతి నెలా మొదటి మంగళవారం శ్రీవారి దర్శనం కల్పిస్తున్నారు, దానికి ఇక్కడి చిరునామా కావాలి. ఈ మాట మాత్రం మీ అత్తగారితో ముందుగానే చెప్పండి.

మొదటి జవాబు రాసినవారు మళ్లీ

ఇంకొక్క పని మరిచిపోవద్దమ్మా. పాప బడి నుంచి టీసీ తీసుకునే రోజే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల స్టడీ సర్టిఫికెట్లు కూడా, బడి ఉన్న ఊరూ జిల్లా స్పష్టంగా రాయించి, ముద్రతో తీసుకోండి. కౌన్సెలింగ్ నాటికి వాటిని అడుగుతారు. అప్పుడు వాటి కోసం మళ్లీ మియాపూర్ రావలసి వస్తుంది.