సమస్యాపూరణం: "పాన పట్టిన చేయియే పాట పాడె"

పర్లాకిమిడి (నిర్వహణ):

ఈ వారం సమస్య ఇదీ:

*పాన పట్టిన చేయియే పాట పాడె*

తేటగీతి పాదం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. యతి బదులు ప్రాసయతి (రెండో అక్షరాలు కలపడం) వాడుకోవచ్చు. పానా అంటే మెకానిక్ చేతిలో ఉండేదే, పద్యం కోసం చివర కుదించాను.

చేయి పాడటమేమిటని అడగకండి, అడిగితే అది సమస్య ఎలా అవుతుంది? వస్తువు మాత్రం ఇస్తున్నాను. మన బరంపురం, రాయగడ ఇళ్లల్లో సాయంత్రమైతే ఒక గదిలో తెలుగు సీరియల్, ఇంకో గదిలో ఒడియా సీరియల్. ఆ హీరోయిన్లలో ఎవరైనా పాటల ఆల్బమ్ తీస్తే "ఇదేం పోయేకాలం" అనేవాళ్లు మన గుంపులోనే ఉన్నారు. మనవాళ్ల మీద రాస్తే తగువులొస్తాయని దూరం నుంచి తెచ్చాను: ఆస్ట్రేలియా నటి కైలీ మినోగ్. 1986లో 'నైబర్స్' సీరియల్‌లోకి షార్లీన్ అనే పిల్లగా వచ్చింది. షార్లీన్ పని కార్ల రిపేరు. మెల్‌బోర్న్‌లో ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ క్లబ్బు సహాయార్థం పెట్టిన కార్యక్రమంలో ఆమె సరదాగా 'లోకోమోషన్' అనే పాట పాడింది. అది 1962 నాటి పాత పాట. దాన్నే 1987 జులైలో రికార్డుగా తెస్తే ఆస్ట్రేలియాలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలబడింది. ఇక మీ దయ.

గుణుపురం మాస్టారు:

*కారు బాగును చేసెడి కన్నె వేష*
*మందు మెరిసిన యింతియే మాపు వేళ*
*క్లబ్బు సాయపు వేదికన్ గళము విప్పె*
*పాన పట్టిన చేయియే పాట పాడె!*

పర్లాకిమిడి:

మాస్టారి పద్యం ఎప్పటిలాగే నున్నగా ఉంది. క్ల–గ యతి చక్కగా పడింది. ఒక్కటే మనవి. ఇందులో సమస్య విడిపోయింది గానీ విడిపోయినట్టు అనిపించలేదు. మీరు చెప్పిన కథ నేను పైన ఇచ్చిన కథే. సమస్య ఇచ్చినవాడికి తెలియనిది పూరణలో ఒక్కటైనా ఉండాలి కదా, మాస్టారూ?

గుణుపురం మాస్టారు:

బోణీ చేశానంతే. మళ్లీ వస్తాను.

కాశీనగర్ కుర్రాడు:

అందరికీ నమస్కారం. నా రెండో పద్యం ఇది, తప్పులుంటే చెప్పండి.

*నెమ్మదిగ నూరికొకచోట నిలిచి నిలిచి*
*చిన్న రైలది గుణుపురం చేరినట్లు*
*లోకోమోషన్ పాటతో లోకమేలె*
*పాన పట్టిన చేయియే పాట పాడె*

పర్లాకిమిడి:

తమ్ముడూ, ముందు గణాలు. మూడో పాదం మొదట్లో "లోకో" అన్నావు. రెండూ గురువులే. సూర్యగణం అంటే హగణమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు) కావాలి, రెండు గురువులు అక్కడ ఇమడవు. "లోకొమోషను పాటతో లోకమేలె" అని చదువు. లోకొ, మోషను, పాటతో, లోక, మేలె. సరిపోయింది. మిగతా మూడు పాదాల్లో వేలు పెట్టడానికి సందు లేదు. "నెమ్మదిగ నూరికొకచోట" అన్నది నిజంగా ఆ రైలు ఎక్కినవాడి మాట.

గుణుపురం మాస్టారు:

గణం సరే, అర్థం సంగతేమిటి? పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్నలైను 1900లో నౌపడా దగ్గర మొదలైంది. మా ఊరు చేరేసరికి 1931. ముప్పయ్యొక్క ఏళ్లు! ఆ పిల్ల మొదటి పాటకే ఏడు వారాలు శిఖరాన కూర్చుంది. ఉపమేయం పరుగెడుతుంటే ఉపమానం నౌపడాలోనే ఆగిపోయింది.

కాశీనగర్ కుర్రాడు:

అలాక్కాదు మాస్టారూ. సీరియల్‌లో రోజూ కొంచెం కొంచెంగా జనానికి అలవాటైంది, ఊరూరా ఆగినట్టు. పాట చివరి స్టేషన్. అదీ నా ఉద్దేశం.

గుణుపురం మాస్టారు:

ఉద్దేశం బాగుంది. అది పద్యంలోకి ఎక్కలేదు, ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. "సీరియల్" అన్న మాట గానీ దాని ఛాయ గానీ ఒక్క పాదంలోనైనా ఉంటే నేను నోరెత్తేవాణ్ని కాదు.

బరంపురం పిన్ని:

పిల్లాణ్ని వదిలేయండి, బాగానే రాశాడు. మీరందరూ పానా పట్టుకుని కూర్చున్నారు. నేను దాన్ని అవతల పారేశాను. సీరియల్‌లో షార్లీన్‌కి స్కాట్ అనే కుర్రాడితో పెళ్లవుతుంది. ఆ పెళ్లి ఎపిసోడ్ 1988 నవంబరులో ఇంగ్లండ్‌లో వస్తే దాదాపు 2 కోట్ల మంది చూశారట. స్కాట్ వేషం వేసిన జేసన్ డోనవన్ కూడా తర్వాత గాయకుడయ్యాడు. ఇద్దరూ కలిసి పాడిన యుగళగీతం 1989 జనవరిలో అక్కడ మొదటి స్థానానికి వెళ్లింది. ఇక చదవండి.

*జతగ నటియించి మురిపించు జంట లోన*
*వధువె కాదండి పాడెను వరుడు గూడ*
*వేద మంత్రాలు లేనట్టి పెండ్లి యను నె*
*పాన పట్టిన చేయియే పాట పాడె!*

పర్లాకిమిడి:

పిన్నిగారూ, లేచి నిలబడి దండం పెడుతున్నాను.

కొత్తవాళ్లు గమనించండి. మూడో పాదం చివర "నె", సమస్య మొదట "పాన". కలిపితే "నెపాన". పెళ్లి అనే నెపాన పట్టిన చేయి! పానా లేదు, గ్రీజు లేదు, పాణిగ్రహణమే మిగిలింది. పెళ్లి కూడా ఉత్తుత్తిదే కాబట్టి "నెపం" అన్న మాట అక్కడ ఊరికే రాలేదు. పాదం లఘువుతో ముగియాలి కనక రూపాన, తాపాన లాంటివి కుదరవు. "రూ" దగ్గరే గణం విరిగిపోతుంది. నె దొరకబట్టి బతికింది.

జయపురం అన్నయ్య:

పద్యం బాగుంది. "కాదండి" మాత్రం పద్యంలో వినడానికి ఇబ్బందిగా ఉంది. "కాదయ్య" అన్నా గణం అదే కదా.

బరంపురం పిన్ని:

నేను చెబుతున్నది మీ అందరికీనండి, ఒక్క అయ్యకి కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లు ఈ గుంపు నడుపుతుంటే "అండి" కి పాస్‌పోర్టు అడుగుతారా?

పర్లాకిమిడి:

"అండి" ఉంటుంది. తగువు ముగిసింది.

జయపురం అన్నయ్య:

సరే, ఇక అసలు విషయానికొస్తాను. మీరందరూ ఆమెకి హారతి పడుతున్నారు. నాకు వేరే అభిప్రాయం ఉంది. ఆ ఒక్క సీరియల్ నుంచే తర్వాత నటాలీ ఇంబ్రూలియా 1997లో, హాలీ వాలన్స్ 2002లో పాటలతో పేరు తెచ్చుకున్నారు. డెల్టా గుడ్రెమ్ కూడా అందులో నటించింది. ఇంతమందికీ ఒకేచోట గొంతు పుట్టిందంటే నమ్మను. రోజూ కనబడే ముఖానికి కొనేవాళ్లు ముందే సిద్ధంగా ఉంటారు, అంతే.

*గొంతు కాదది తెరమీది గుర్తు గాని*
*యంత్రమిచ్చిన తీపియే యసలు గుట్టు*
*నమ్మి చెప్పిరి లోకులు నాడు నేడు*
*పాన పట్టిన చేయియే పాట పాడె*

పర్లాకిమిడి:

అన్నయ్యగారూ, మొదటి పాదానికి నా ఓటు. ఆ మాట కాదనలేం. లండన్‌లో స్టాక్, ఐట్‌కెన్, వాటర్‌మన్ అని పాటలు కట్టే ముగ్గురు ఆమె వస్తున్న సంగతే మరిచిపోయారు. ఆమెను బయట కూర్చోబెట్టి 40 నిమిషాల్లో 'ఐ షుడ్ బీ సో లక్కీ' అనే పాట కట్టేశారు. ఆ పాట 1988లో ఇంగ్లండ్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. ముఖం అమ్ముడవుతుందని తెలియకపోతే ఎవరూ అలా పని చేయరు.

అభ్యంతరాలు రెండు. "నాడు నేడు" ఉత్త పూరకం. యతి కోసం "నా" కావాల్సి వచ్చి పిలిచారు, అవి వచ్చి ఊరికే నిలబడ్డాయి. రెండోది: "అని లోకులు చెప్పారు" అని సమస్యను వేరేవాళ్ల నోట్లో పెట్టడం చాలా పాత దారి. ఆ దారిలో ఏ సమస్యనైనా దాటేయొచ్చు. దాటినట్టే ఉంటుంది, పూరించినట్టు ఉండదు.

కాశీనగర్ కుర్రాడు:

నాదో డౌటు. గొంతు సర్దే ఆటోట్యూన్ వచ్చింది 1997లో కదా. 1987 పాటకి యంత్రం తీపి ఎలా ఇచ్చింది?

జయపురం అన్నయ్య:

యంత్రమంటే అదొక్కటే కాదు తమ్ముడూ, డ్రమ్ము వాయించినదీ, బేస్ వాయించినదీ అప్పటికే యంత్రాలే. కానీ పద్యం చదివితే గొంతునే అన్నట్టుంది, నిజమే. మారుస్తాను.

*గొంతు కాదది తెరమీది గుర్తు గాని*
*వాద్య ఘోషల తీపియే వన్నె దెచ్చె*
*నమ్మబలికిరి వ్యాపారు లమ్ముకొనగ*
*పాన పట్టిన చేయియే పాట పాడె*

పర్లాకిమిడి:

ఇప్పుడు పదునొచ్చింది! "నమ్మబలికిరి", "లమ్ముకొనగ" అని ప్రాసయతి వేశారు. లోకులు పోయి వ్యాపారులు వచ్చేసరికి "ఎవరో అన్నారు" కాస్తా "ఎందుకన్నారు" అయింది. పాత దారే, కానీ ఈసారి దారిలో టోల్‌గేటు పెట్టారు.

గుణుపురం మాస్టారు:

అన్నయ్యగారి వాదానికి నా జవాబు పద్యంలోనే. ఆమెకి 2005లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది, మరుసటి ఏడాదే మళ్లీ వేదికెక్కింది. 2004లో ఒక గ్రామీ, 2024లో ఇంకొకటి. ఇరవై ఏళ్ల ఎడం. అప్పటికి ఆమె వయసు 55. ముఖం గుర్తు అంతకాలం నడిపించదు.

*తెగడు వారల మాటకు దిగులు పడక*
*వ్యాధి మింగంగ జూచిన వంగలేదు*
*గ్రామి బహుమతు లవి రెండు గైకొనంగ*
*పాన పట్టిన చేయియే పాట పాడె*

పర్లాకిమిడి:

ఇది మాస్టారి అసలు పద్యం. "గైకొనంగ" అనడంతో చేతికి ఒక పని దొరికింది. ఇందాకటి దాంట్లో చేయి ఊరికే వేలాడుతోంది. రెండో పాదం క్రియతో ఆగిపోయి, మూడోది మళ్లీ కొత్తగా మొదలవడం మాత్రం నడకని కొంచెం కుదిపింది.

రాయగడ చెల్లి:

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. మా నాన్నది లారీల షెడ్డు, అందుకని అడుగుతున్నాను: ఇన్ని పద్యాల్లో ఒక్క బోల్టయినా తిరిగిందా? మా నాన్న పదీపదకొండు పానా పట్టుకుని బండి కింద పడుకుంటే చూడకుండానే చేస్తాడు. కళ్లకి కనబడని చోట వేలితో తడిమి, ఏది వదులో చెప్పేస్తాడు. సీరియల్ టైముకి కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో చేతులు తుడుచుకుని లోపలికొస్తాడు, అయినా రిమోట్ మీద నల్లటి వేలిముద్రలు. ఆ చెయ్యి నాకు ఎవరి పద్యంలోనూ కనబడలేదు.

ఇంకో సంగతి. అప్పట్లో అక్కడి పత్రికలు ఆమెను "పాడే బడ్జీ పిట్ట" అని వెక్కిరించాయి. బడ్జీ అంటే పంజరంలో పెంచుకునే చిన్న చిలుక.

*వదులు బోల్టులు బిగియించు పగిదిగాను*
*తాళమెక్కడ తప్పిన తడిమి దిద్ది*
*పాడు చిలుకన్న నోళ్ళకు బదులు పలికి*
*పాన పట్టిన చేయియే పాట పాడె*

బరంపురం పిన్ని:

అమ్మా, నా ఓటు నీకే. "పాడు చిలుక" అన్నది వాళ్ల వెక్కిరింపూ, ఆమె పనీ ఒకే మాటలో పట్టింది. "తడిమి" అన్న మాట షెడ్డులో పెరిగినవాళ్లకి తప్ప రాదు.

గుణుపురం మాస్టారు:

వ–ప యతి కూడా కొట్టినపిండిలా వేసింది. "పగిదిగాను"లో "గాను" కొంచెం సాగదీత, అంతకుమించి అనడానికేం లేదు. నా రెండు పద్యాలూ ఉపసంహరించుకోవాలా ఏమిటి?

పర్లాకిమిడి:

అక్కర్లేదు, మాస్టారూ. ఈ వారం నిర్ణయం: విరుపుకి బరంపురం పిన్నిగారిది, భావానికి రాయగడ చెల్లిది. చేయి ఎందుకు పాడుతుందో చెల్లి పద్యం ఒక్కటే చెప్పింది. పనితనం చేతిలో ఉంది కనక అదే పాటలోకి వచ్చిందని. పిన్నిగారిది ఆ ప్రశ్న రాకుండానే తప్పించుకున్న పద్యం, అది వేరే విద్య. జయపురం అన్నయ్యగారి సవరించిన పూరణ మూడోది. కాశీనగర్ తమ్ముడు "లోకొమోషను" పాదంతో తన పద్యాన్ని మళ్లీ పెట్టాలి, సీరియల్‌ని కూడా రైలెక్కించి.

బరంపురం పిన్ని:

మరో మాట. 2009లో 'బ్లూ' అనే హిందీ సినిమాలో రహమాన్ సంగీతానికి పాడి ఆడింది కూడా ఈమే. మా ఇంట్లో పిల్లలు ఆ పాట పెట్టుకుని గంతులేసినప్పుడు ఈమెవరో ఎవరికీ తెలియదు.

కాశీనగర్ కుర్రాడు:

రేపు పెడతాను. "సీరియలు" సూర్యగణంలో పట్టదు కదా?

పర్లాకిమిడి:

పట్టదు. మొదటి గణంగా "సీరి" హగణం అవుతుంది, "యలు" తర్వాతి ఇంద్రగణంలోకి తోసెయ్. "సీరియలు పెట్టెలో" అని మొదలుపెట్టి చూడు. యతికి ఏం తెస్తావో నీ ఇష్టం.

జయపురం అన్నయ్య:

మూడో స్థానానికి ధన్యవాదాలు. గ్రామీల సంగతి ఒప్పుకుంటున్నాను, మాస్టారూ. గొంతు సంగతి మాత్రం ఒప్పుకోను.