సైకిల్ లేన్ వేస్తే పిల్లలకు నిజంగ సేఫా?

నక్కలగుట్ట నాన్న:
మా బాబు తొమ్మిదో క్లాసు, సుబేదారిల ట్యూషన్‌కు సైకిల్ మీదనే పోతుండె. మొన్న సాయంత్రం ఎనక నుంచి వచ్చిన ఆటో హ్యాండిల్‌కు తగిలి కిందపడ్డడు, మోకాలు గీరుకపోయింది, పెద్ద దెబ్బేం కాదు గని ఆ రోజు నుంచి వాళ్ళమ్మ సైకిల్ బయటికి తీయనిస్తలేదు, రోజు నేనే బండి మీద దింపి తీస్కొస్తున్న. నగరాల్ల సైకిల్ తొక్కుడు పెంచెతందుకు కేంద్రం పెట్టిన ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్ ఛాలెంజ్ పోటీల 2021ల ఎంపికైన 11 నగరాల్ల మన వరంగల్ కూడా ఉండె కదా. ఉన్న రోడ్డే బండ్లకు సాల్తలేదు, అండ్ల సైకిళ్లకు వేరే లేన్ అంటే ఫాయిదా ఉంటదా? రోజు తొక్కేటోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట సైకిల్:
అన్నా, నేను ఆరేండ్ల సంది కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తాకు డ్యూటీకి సైకిల్ మీదనే వస్త. ఉత్త తెల్లగీత గీస్తే ఏం లాభం లేదు. గీత లోపల కారు ఆపుతరు, ఇంకో జాగల కొబ్బరిబోండాల బండి ఉంటది, దాన్ని తప్పియ్యాలంటే మనం మళ్ల మెయిన్ రోడ్డు మీదికి రావాలె, ఎనక బస్సు ఉందో లేదో మెడ తిప్పి చూసే ఆ రెండు సెకన్లే ప్రాణం మీదికొస్తయి. నడుమ దిమ్మె కట్టాలె, లేకుంటే కనీసం పోల్స్ పాతాలె. ఇంకోటి, మోరీల మీద ఇనుప జాలీలు. సందులు రోడ్డు ఎంట నిలువుగ ఉంటే సన్న టైరు అండ్ల దిగబడ్తది, ముందు చక్రం ఆగిపోయి మనిషి ఎగిరి పడ్తడు. అడ్డంగ తిప్పి బిగిస్తే అయిపాయె, దానికేం కోట్లు కావు.

చౌరస్తా దుకాణం:
మాకు బట్టల షాపుంది. పార్కింగ్ తీసేసి లేన్ వేస్తే గిరాకీ ఎట్ల? పిల్లల బాధ నాకు తెలుసు, నాకూ ఇద్దరున్నరు, కని మా కడుపు సంగతి కూడా చూడాలె కదా.

కాజీపేట సైకిల్:
నీ భయం కరెక్టే అన్నా. కని ఒక్క కారు ఆపే జాగల పది సైకిళ్లు పడ్తయి. గిరాకీ కారుల వచ్చినోళ్లతోనే కాదు గదా.

ఓరుగల్లు పిల్ల:
నేను ఇప్పుడు హైదరాబాద్‌ల ఉంటున్న. ఔటర్ పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ 2023ల ఓపెన్ చేసిండ్రు, నీడల తొక్కుతుంటే పాణం హాయిగ ఉంటది, నాకు మస్తు ఇష్టం. కని అక్కడ చానామంది సైకిల్‌ను కారుకు కట్టుకొని వస్తరు, అది కసరత్తుకు. ఇంటి నుంచి బడికి, రూం నుంచి పనికి కలిపే లేన్ వేరే. పొద్దుగాల పాలు పోసేటోళ్లు, పేపరేసేటోళ్లు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్‌లు ఇయ్యాల కూడా సైకిల్ మీదనే తిరుగుతున్నరు, లేన్ ముందు వాళ్లకు కావాలె. నెదర్లాండ్స్‌ల 1971ల ఒక్క ఏడాదిలనే 400 మందికి పైగ పిల్లలు రోడ్ల మీద చనిపోయిండ్రు, తల్లిదండ్రులు రోడ్డెక్కి కొట్లాడినంకనే అక్కడ రోడ్లు మారినయి. అన్నా, బాబుతోని సైకిల్ మాత్రం మాన్పియ్యకు.

నక్కలగుట్ట నాన్న:
జాలీల సంగతి నాకు తట్టనే లేదు. ఆదివారం బాబూ నేనూ లోపలి గల్లీల పొంటి సుబేదారి దాకా తొక్కి చూస్తం, ట్యూషన్ తొవ్వల ఉన్న జాలీలన్నీ ఫొటోలు తీసి మున్సిపల్ ఆఫీసుల దరఖాస్తు ఇస్త. చౌరస్తా అన్నా, నువ్వు కూడా దాని మీద సంతకం పెడ్తవా?